వన్నూరక్క ఊడ్చిన దిబ్బ

కొట్రయ్యసామిని ఏదన్నా అడిగితే ఉన్నచోట కూర్చోని జవాబు చెప్పే అలవాటు ఆయనకి లేదు. లేచి నడుస్తాడు. అడిగినోళ్ళు ఎనకమ్మడి పోవాల్సిందే. నేనొకసారి తెలీక "సామీ, దేవుడుండాడా?" అని అడిగిపెట్టినా. పొద్దున్నే బయల్దేరదీసి హగరి ఏట్లో ఇసకలో సాయంత్రం దాకా నడిపించినాడు. ఇంటికొచ్చేసరికి నా చెప్పులు ఎంత అరిగిపోయినాయంటే, చీమ మీద కాలు పెడితే అది ఆడదో మగదో తెలిసిపోయేది. దేవుడి సంగతి మాత్రం తెలీలే. ఆ పొద్దు నుంచి నేను ఆయన్ని "సంగటి తిన్నావా సామీ" అని తప్ప ఇంకేమీ అడగను. అదీ దూరంగా నిలబడి అడుగుతా.

నా పేరు ఓబులేసు. మేకలు కాస్తా. బడికి మూడు దినాలు పోయినా. మొదటి దినం దావ చూసుకునేకి, రెండో దినం అయ్యవారిని చూసుకునేకి, మూడో దినం తిరిగొచ్చే దావ ఇంకా దగ్గరగా ఏదైనా ఉందేమో చూసుకునేకి. అయినా ఇప్పుడు చెప్పేది నా కండ్లతో చూసింది. ఎవరో చెప్పింది కాదు. కొలతలు కొంచెం అటూ ఇటూ ఉంటే ఆ తప్పు మా ఊరి గాలిది. ఆషాఢంలో మా గాలికి ఎదురు నిలబడి ఆవలించినావంటే పక్కూరోడి ఆవలింత నీ నోట్లోకి వస్తుంది. మా నాయన తలగుడ్డ ఒక ఏడు ఎగిరిపోయి, మరుసటేడు అదే దావన తిరిగొచ్చింది. అదీ ఉతికిన మాదిరి.

ఆ గాలి మోసుకొచ్చి పోసిందే మా ఊరి పడమట ఏటిగట్టు మీదుండే ఇసక దిబ్బ. ఊరుమ్మడిది, ఒకరి సొత్తు కాదు. గాలి లేచిందంటే ఆ ఇసక అంతా ఊర్లోకి వస్తుంది. సంగట్లో ఇసక, పక్కబట్టల్లో ఇసక, కొత్త పెండ్లికొడుకు మీసాల్లో ఇసక. కానీ దిబ్బ కిందనే ఒక చెలమ ఉంది. ఎండాకాలం ఊర్లో బోర్లన్నీ గాలి కక్కినా ఆ చెలమలో చెంబు మునిగే నీళ్ళుంటాయి. వన్నూరక్క వీధిలో పదకొండిళ్ళోళ్ళు ఆ నీళ్ళే తాగుతారు.

టౌను నుంచి ఇసక లారీలోళ్ళు వచ్చి మా ఊరి పెద్ద పంపన గౌడుని అడిగినారు, దిబ్బ మాకియ్యండి, మొత్తం తోడుకొని పోతామని. గౌడు చెడ్డోడు కాదు. ఆయనింట్లోకీ ఇసక వచ్చేది. "దిబ్బ పోతే పీడ పోతుంది" అన్నాడు. అందరూ తల ఊపినారు. వన్నూరక్క ఒక్కతే లేచి నిలబడింది.

"దిబ్బ పోతే చెలమ కూడా పోతుంది గౌడప్పా. ఇసక తీసేస్తే నీళ్ళు యాడ నిలబడతాయి? దిబ్బ మీద పొదలు లేస్తే అవే ఇసకని పట్టుకుంటాయి. మీ ఇంట్లోకి రాదు, మా చెలమా ఎండదు. నాకు గడువియ్యండి, నేను లేపుతా."

గౌడు గడ్డం గీరుకొని గడువిచ్చినాడు. రెండు వానకాలాలు. రెండో ఏడు ఉత్తర కార్తె పోయేలోపల దిబ్బ మీద నూరు మొక్క బతికి కనపడాల. లేదంటే లారీలు.

ఈ వన్నూరక్క ఎవరనుకున్నారు? చెనక్కాయ చేలల్లో కలుపు తీసే ఆడోళ్ళ గుంపుకి మేస్త్రి. ఆమె చేయి పడిన సాలు అద్దం మాదిరి ఉంటుంది. ఆమె తీసిపోయిన చేన్లో ఒక గడ్డిపోచ మిగిలిందంటే ఆ పోచే సిగ్గుపడి చస్తుంది. చుట్టు పది ఊర్ల రైతులు "వన్నూరమ్మ గుంపుని పంపీ" అని గౌడుకి మనిషిని పంపుతారు. అట్లాంటి మనిషికి దిబ్బ అప్పగిస్తే ఏం చేస్తుంది? చెనక్కాయ చేనుకి ఏం చేస్తుందో అదే చేసింది. ముందు శుభ్రం చేసింది. ఎండిన వెంపలి, జిల్లేడు మోడ్లు, తంగేటి కట్టె, రేగు కంప, అన్నీ పీకింది. పీకినదంతా మోపులు కట్టి ఇంటెనక వామి వేసుకుంది, పొయ్యికి పనికొస్తుందని. ఆ వామి ఎంత ఎత్తుండిందంటే పోయే మబ్బులు దానికి తగులుకొని చిరిగేవి. తర్వాత తాడు పట్టి వరసలు గీసి, వరసకి నలభై గుంటలు తీసి, గుంటకి నాలుగు తంగేడు విత్తనాలు, రెండు రేగు గింజలు వేసింది. పొద్దున్నే చెలమ నుంచి కడవతో నీళ్ళు మోసి పోసింది. గుంట చుట్టూ ఒక ఆకు రాలినా ఏరి పారేసింది.

మొలిచినాయి. నాలుగాకులు వేసినాయి. చచ్చినాయి.

మొదటి ఏడు ఆ తప్పు నా మేకల మీద పడింది.

"ఒరే ఓబులేసూ, నీ మేకల నోరు పడిపోను! నా బిడ్డల మాదిరి సాకినవన్నీ మేసి పోయినాయి కదరా!"

"నా మేకలు దిబ్బ మీదికి రావక్కా. ఏముందని వస్తాయి? నువ్వు ఊడ్చిపెట్టిన చోట మేక పండ్లు కుట్టుకునేకి కూడా పుల్ల దొరకదు."

"నీ పండ్లు రాలగొడతా, ఉండు."

రెండో ఏడు కట్టె పట్టుకొని ఆమే కాపలా కూర్చుంది. మిరిగశిరలో రెండు వానలు పడినాయి. మళ్ళీ మొలిచినాయి, పోయినేడు కంటే ఎక్కువే. ఆషాఢం గాలి లేచింది. అడ్డమనేదే లేని దిబ్బ మీద ఇసక ఉప్పుకాగితం మాదిరి ఆ లేత ఆకుల్ని రాసుకుంటా పోయింది. గాలి రాసినవి రాసింది, ఎండ కాల్చినవి కాల్చింది. ఎనిమిది దినాల్లో ఒకటీ అరా తప్ప ఉత్త గుంటలే మిగిలినాయి. ఈసారి తిట్టేకి మేకలు కూడా లేవు.

వన్నూరక్క కొట్రయ్యసామి దగ్గర ఉపదేశం తీసుకొనుంది. సోమవారం సోమవారం ఆయన గుడిసె ముందర భజనకి పోతుంది. శ్రావణం మొదట్లో ఒక దినం, భజన లేకున్నా వచ్చింది. నేను మేకపాలు ఇచ్చేకి పోయి ఆడనే ఉండా. ఆయన అంబలి తాగుతాండాడు.

"సామీ, నేనేం తక్కువ చేసినా? నీళ్ళు తక్కువైనాయా? చాకిరీ తక్కువైందా? లేదంటే నా భక్తి తక్కువైందా? ఏది తక్కువైందో చెప్పు, దాన్ని రెండింతలు చేస్తా. ఇంక రెండు నెలలే ఉండేది."

సామి అంబలి తాగడం అయిపోయినాక ముంత కడిగి బోర్లించినాడు. మూతి తుడుచుకున్నాడు. లేచినాడు. అనుభవించు అక్కా, అనుకున్నా నేను మనసులో. అనుకునే లోపల నన్ను కూడా రమ్మని చేయి ఊపినాడు.

"నేనేమీ అడగలేదు కదా సామీ!"

ఆయన వినపడనట్లు పోతానే ఉన్నాడు.

మబ్బు లేని మిట్టమధ్యాన్నం. దిబ్బ ఎక్కినాం. ఆ ఇసక మీద చెనక్కాయ పడేస్తే వంగి ఎత్తుకునేలోపల వేగిపోతుంది, ఉప్పు ఒకటే తక్కువ. వన్నూరక్క ముందర నడిచి ఒక్కో వరసా చూపించింది. "ఇవి నలభై సామీ. ఇవి ఇంకో నలభై. ఇందులో మూడు ఇంకా ఊపిరితో ఉండాయి, చూడు." ఆయన అన్నీ చూసినాడు. దిబ్బ నడిమధ్యలో నిలబడినాడు. మేమూ నిలబడినాం, ఒక కాలు మార్చి ఒక కాలు, కొంగల మాదిరి.

"కూర్చో వన్నూరమ్మా" అన్నాడు సామి.

గురువు మాట కదా, ఉన్నచోటనే కూర్చుంది. పెనం మీద పడినట్లు ఎగిరి లేచింది.

"కూర్చోమ్మా. మాట్లాడాల."

ఆమె చుట్టూ చూసింది. అంత దిబ్బ మీద నీడ అనేది ఒకటే చోటుండింది. తూర్పు మూల ఒక రేగు మోడు. దాన్ని పీకేకి పోయినేడు గడ్డపార ఇరిగింది. తర్వాత నన్ను పిలిచినారు. నేను పట్టి లాగితే మోడు రాలేదు కానీ, కిందెవరో పాతాళంలో ఉండేవాళ్ళు "ఎవుర్రా అది?" అని అరిచినట్లు నాకు వినపడింది. అందుకని ఇడిచిపెట్టినాం. గాలి తెచ్చిన కసువంతా దానికి తగులుకొని కుప్పబడింది. ఎండిన వెంపలి పుల్లలు, రాలిన ఆకు, మేక పెంటికలు. దాని కింద చేటంత నీడ. వన్నూరక్క పరుగెత్తిపోయి, చీర కుచ్చిళ్ళు ఎగదీసుకొని, కూర్చోబోయింది.

"చూసి కూర్చో" అన్నాడు సామి. "నీకంటే ముందొచ్చినోళ్ళుండారు."

ఆమె సగం కూర్చొని సగం లేచి అట్లే నిలబడిపోయింది. కిందికి చూసింది. కంప సందున, కసువు సందున, తంగేడు మొలకలు. రెండాకులవి కొన్ని, నాలుగాకులవి కొన్ని. రెండు రేగు మొలకలు. నాలుగైదు వెంపలి. నేను కూడా వంగి చూసినా. ఆ చేటంత నీడలో పదిహేడుండాయి.

"ఇవి నేను నాటలేదు సామీ."

"ఊఁ."

"నీళ్ళు కూడా పోయలే. ఈ మూలకి నేను వచ్చిందే లేదు, గడ్డపార ఇరిగినప్పట్నుంచి."

"ఊఁ."

సామి దగ్గరికొచ్చి గొంతుకూర్చొని, ఆ కసువు కిందికి తన చేయి పోనిచ్చి, తీసి, ఆమెకి సైగ చేసినాడు. ఆమె చేయి పెట్టింది. ఎప్పుడో పదిదినాల కింద పడిన తుంపర వానకి తడిసిన చెమ్మ ఇంకా అట్లే ఉండింది లోపల. చేయి తీయలే. రెండో చేయి చాపి, పక్కన తాను తాడు పట్టి తీసిన గుంటలో పెట్టింది. పొద్దున కడవ నీళ్ళు పోసిన గుంట అది. కాలి పొడిపొడిగా ఉంది. అట్ల ఒక చేయి ఇందులో, ఒక చేయి అందులో పెట్టుకొని ఎంత సేపుందో. కలుపుతీతలో ఆమె చేతులు ఒక్క గడియ ఊరికే ఉండేది నేను చూడలేదు, అంతవరకు.

ఆ పెంటికలు మాత్రం నా మేకలవే. ఆ మాట నేను ఆ పొద్దు బయటికి చెప్పలే, పండ్లు రాలతాయని. ఇప్పుడు చెప్తాండా. ఆ రేగు మొలకలు రెండూ మేక తిని ఏసిన గింజలవే అయ్యుంటాయి. ఆ లెక్కన నాటినోళ్ళలో నేనూ ఒకణ్ణి.

వన్నూరక్క చేతులు తీసుకొని కొంచెం ఎడంగా జరిగి కూర్చుంది. నీడలో కాదు, ఎండలోనే. ఈసారి ఎగిరి లేయలే. సామి మాట్లాడాలన్నాడు కదా, ఆ మాట్లాడేదేందో నేను చెవులు రిక్కించుకొని ఉండా. ఆయన లేచి దుమ్ము దులుపుకొని గుడిసెకి పోయినాడు.

మరుసటి దినం పొద్దున్నుంచి ఊరికి నవ్వులాట. వన్నూరక్క ఇంటెనక వామి విప్పి, మోపు మోపూ దిబ్బ మీదికి మోస్తాంది. వెంపలి, తంగేటి కట్టె, రేగు కంప, ఏది యాడ పీకిందో గుర్తు లేదు కాబట్టి యాడ పడితే ఆడ పరుస్తాంది. చెలమ కాడ ఆడోళ్ళు కడవలు దించి నడుం మీద చేతులు పెట్టుకున్నారు.

"ఏమక్కా, లోకమంతా కసువు ఊడ్చి బయట పోస్తే, నువ్వు ఇంట్లోది మోసుకొచ్చి పరుస్తాండావ్?"

"పరుస్తాండా, నీకేం?"

"మరి పొయ్యిలోకి ఏం పెడతావ్?"

"నీ నోరు పెడతాలే. బాగా మండుతుంది."

నేను కూడా మోసినా. పదకొండు మోపులు ఒకేసారి నెత్తిన పెట్టుకొని దిబ్బ ఎక్కుతాంటే గాలి వచ్చి నన్ను మోపులతో సహా ఎత్తి తీసుకుపోయి కావాల్సిన చోటే దించింది. నమ్మకపోతే గాలిని అడగండి. అయితే నవ్వులాట పక్కన పెట్టి ఒకటి చెప్పాల. ఆ వామి ఆమెకి ఆరు నెలల పొయ్యి. దాన్ని మోసేసినాక ఆమె రెండు పూటల సంగటి ఒక పూటే ఒండుకుంది, అదీ దావల్లో ఏరుకున్న పేడ పిడకల మీద.

కట్టె మోయడం కూడా కష్టం కాదు. తర్వాత చేతులు ఊరికే పెట్టుకోవడం కష్టమైంది. మఖ కార్తెలో మంచి వాన ఒకటి, పుబ్బలో రెండు పడినాయి. దిబ్బ మీద ప్రతి కంప కిందా ఏవేవో పచ్చగా తల ఎత్తినాయి. మొక్క ఏదో కలుపు ఏదో చెప్పేకి లేదు. మేస్త్రి చేయి ఊరుకుంటుందా? పచ్చ కనపడిన చోటికల్లా పోయేది. రెండో చేత్తో దాన్ని పట్టుకొని ఎనక్కి లాక్కునేది. నేను చూసినా. తన చేతిని తానే తిట్టేది, పరాయోళ్ళ మేకని తిట్టినట్లు. కడవ తీసుకొని దిబ్బ దాకా పోయి, నీళ్ళు పోయకుండా అట్లే ఇంటికి మోసుకొచ్చిన దినాలు కూడా ఉండాయి.

ఉత్తర కార్తె ఇంక మూడు దినాలుందనంగా పంపన గౌడు నలుగురు పెద్దమనుషుల్ని ఎంటబెట్టుకొని వచ్చినాడు. పదకొండిండ్ల ఆడోళ్ళు కడవలు చంకన పెట్టుకొని చెలమ కాడ నిలబడినారు. నీళ్ళు పట్టుకునేకి కాదు. సామి కూడా వచ్చి ఒక పక్కన నిలబడినాడు.

గౌడు దిబ్బ చూసి ముక్కు మీద వేలేసుకున్నాడు. "ఇదేంది వన్నూరమ్మా? తాడు పట్టి గీసిన మాదిరి చేను చూస్తామని వస్తే, కసువు పోసి పెట్టినావే!"

"వంగి చూడు గౌడప్పా."

"నేను వంగితే ఇంక లేయను. ఒరే ఓబులేసూ, నువ్వు చూసి లెక్క చెప్పు."

నాకు మేకల లెక్కే వచ్చేది. ఇరవైకి ఒక ముడి. తువ్వాల తీసుకొని కంప ఎత్తి చూడటం, ముడేయడం. తంగేడు, రేగు, వెంపలి, బందారి, ఒకటి రెండు నాకు కూడా పేరు తెలీనివి. ఒక ముడి, రెండు ముడులు. అయిదో ముడికి నూరు అయిపోయినాయి. నేను ఆగలే. తువ్వాలంతా ముడులై చేతికి బొంగరమంత మిగిలింది. పంచె కొస అందుకున్నా. "చాలు చాలు" అన్నాడు గౌడు, "ఆడోళ్ళుండారు."

చెలమ కాడ ఎవరో నవ్వినారు. గండం గడిచిపోయింది అనుకున్నాం. కానీ గౌడు ఎనక వచ్చినోళ్ళలో ఒకాయన వరసల దిక్కు పోయి, గుంటలు చూసుకుంటా, మూడు మొక్కల కాడ నిలబడినాడు.

"ఇవి నువ్వు నాటినవేనా అమ్మా?"

"అవునప్పా."

"మరి ఆ కంప కిందవి?"

నేను ఆమెకి కన్ను కొట్టినా, అవీ నేనే నాటినా అని చెప్పక్కా అని. అబద్ధం నాకొచ్చిన విద్య, అడిగితే అప్పిచ్చేవాణ్ణి. ఆమె నా దిక్కే చూడలే.

"అవి నేను నాటలేదప్పా. వాటంతటవే లేసినాయి."

ఆయన గౌడు మొగం చూసినాడు. "ఇన్నావా గౌడా? ఈమెకి గడువిచ్చింది పెంచేకి. పెంచింది మూడు. వాటంతటవి లేసేదానికి ఈమెందుకు, గడువెందుకు? మూడు మొక్కలకి లారీలోళ్ళని ఎనక్కి పంపుతామా?"

గౌడు న్యాయంగా పోయే మనిషి, అదే ఆయనతో ఇబ్బంది. చంకలో ఊరి తీర్మానాల పుస్తకం తెచ్చుకొనుండాడు. అది తెరిచి, పెన్ను తీసి, మూసి, మళ్ళీ తెరిచినాడు. ఆడోళ్ళ నవ్వు నిలిచిపోయింది. వన్నూరక్క తన రెండు చేతులూ చీర కొంగులో దాచుకొని నిలబడింది, ఏదో తప్పు చేసిన చేతుల మాదిరి. గౌడుకి ఎటూ పాలుపోక సామి దిక్కు తిరిగినాడు.

"నువ్వు చెప్పు సామీ. రేపు పొద్దున లారీలోళ్ళకి మాట చెప్పాల. ఈ దిబ్బ ఫలానావాళ్ళు పెంచినారు, వాళ్ళ చేతికిందనే ఉంటుంది అని ఇందులో రాయాల. నాటినోళ్ళు లేరు, నీళ్ళు పోసినోళ్ళు లేరు. ఎవరి పేరు రాసుకోను?"

ఇప్పటికీ ఆ పుస్తకంలో వన్నూరక్క పేరే ఉంది. లారీలు రాలేదు. గౌడు ఆ పేరు రాసింది నేను లెక్క బాగా చెప్పినందుకే అని చానా మందికి చెప్పుకున్నా. అది నిజం కాదు. ఆయన పుస్తకం చేత్తో పట్టుకొని అడిగినప్పుడు సామి చెప్పింది ఒకటే మాట.

"అడ్డం తప్పుకున్నోళ్ళ పేరు రాసుకో."